కాలికి గుచ్చే సూది, కింద తగ్గే నొప్పి

అందరికీ నమస్కారం. కూర్చోండి అనాలి. కానీ ఇవాళ మాట్లాడబోయే నొప్పి ఉన్నవాళ్ళకి కూర్చోవడమే కష్టం. వెనక నిలబడినవాళ్ళు మొహమాటపడకండి, అలాగే వినండి.

పుడెండల్ అని ఒక నరం ఉంది. వెన్ను చివరి త్రికాస్థి దగ్గర ఎస్2, ఎస్3, ఎస్4 అనే నరాల వేర్ల నుంచి పుట్టి, ఎముకల్ని కలిపే రెండు పట్టీల (లిగమెంట్ల) మధ్య దూరి, మలద్వారం చుట్టూ, జననాంగాల దాకా పోతుంది. అది నలిగితే మంట, పోటు. కుర్చీలో కూర్చుంటే పెరుగుతుంది. టాయిలెట్ సీటు మీద కూర్చుంటే మాత్రం చాలామందికి హాయిగా ఉంటుంది, మధ్యలో ఖాళీ కదా! రాత్రి నిద్రలోంచి సాధారణంగా లేపదు. ఇవన్నీ డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడి, మొలలేమో అనుకుని ఏళ్ళ తరబడి ఆయింట్‌మెంట్ రాసుకునేవాళ్ళున్నారు.

ఇక సూది సంగతి, అంటే ఆక్యుపంక్చర్. లోపలి చీలమండకి నాలుగు వేళ్ళ పైన చైనా వైద్యులు సాన్‌యిన్‌జియావో అనే చోటు గుర్తుపెట్టుకున్నారు. దానికి దగ్గర్లోనే టిబియల్ నరం పోతుంది. ఆ నరానికీ ఎస్2, ఎస్3 వేర్లతో సంబంధం ఉంది. అంటే కాలి దగ్గర కదిపిన తీగ పొత్తికడుపు కింద మోగే అవకాశం ఉందన్నమాట. ఈ ఆలోచనతోనే అమెరికాలో అక్కడ సన్నటి సూది గుచ్చి, స్వల్ప కరెంటు పంపే పద్ధతి వచ్చింది. వారానికోసారి అరగంట, 12 వారాలు. ఆపుకోలేని మూత్రానికి దీన్ని వాడుతున్నారు.

మలం ఆపుకోలేని సమస్యకి కూడా పనిచేస్తుందేమోనని బ్రిటన్‌లో 227 మందిపై పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పారు. మలం జారిపోవడం కనీసం సగమైనా తగ్గినవాళ్ళు అసలు చికిత్సలో 38 శాతం, పోల్చి చూడడానికి చేసిన ఉత్తుత్తి చికిత్సలో 31 శాతం. ఆ తేడా లెక్కలోకి రాదు. ఈ మాట చెప్పకుండా చికిత్స అమ్మేవాళ్ళంటే నాకు కోపం.

మలబద్ధకం విషయంలో మాత్రం కాస్త ఆశ ఉంది. చైనాలో 15 ఆసుపత్రులలో 1075 మందిని తీసుకుని, వాళ్ళలో సుమారు సగం మందికి 8 వారాల్లో 28 సార్లు కరెంటుతో సూదులు పెట్టారు. వారానికి కనీసం 3 సార్లు పూర్తిగా, మందు లేకుండా మోషన్ అయినవాళ్ళు 31 శాతం. ఆక్యుపంక్చర్ బిందువులు కాని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 12 శాతమే. అలాగని పొంగిపోకండి, పదిమందిలో ఏడుగురికి అంత ఫలితం రాలేదు.

నొప్పికి సంబంధించి 2021లో చైనాలోనే 440 మంది మగవాళ్ళపై ఒక పరీక్ష జరిగింది. ప్రోస్టేట్ (మగవాళ్ళలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి), కటి భాగాల్లో దీర్ఘకాలంగా నొప్పి ఉన్నవాళ్ళు. సూదులు పెట్టినవాళ్ళలో సుమారు 61 శాతానికీ, ఉత్తుత్తి సూదులతో 37 శాతానికీ ఉపశమనం. ఆపేశాక కూడా ఆ తేడా నెలల పాటు నిలిచింది. కానీ అది పుడెండల్ నొప్పి కాదు, కాబట్టి మీ నొప్పికి అదే అంకె అతికించుకోకండి.

గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి. సూది ప్యాకెట్ మీ ఎదుటే చించాలి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ముందు పరీక్షలు, తర్వాతే సూదులు. కూర్చునే భాగం ఉన్నట్టుండి మొద్దుబారి మూత్రం ఆగిపోతే మాత్రం ఆక్యుపంక్చర్ మాటే వద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇక ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగడానికి ఇబ్బందైతే చీటీ రాసి పంపండి, పేరు అక్కర్లేదు.