బోగ్ అంటే దేవుడు కాదు, వాటా!

ఆపండి బాబూ, ఆ వాట్సాప్ ఫార్వర్డులు ఆపండి! "రష్యన్లు దేవుణ్ణి బోగ్ అంటారు, అది మన భగవంతుడే, సంస్కృతం నుంచే వెళ్లింది" అని పోయిన వీడియో కింద ఒకటే గోల. సగం నిజం. మిగతా సగం ఇవాళ తేల్చేద్దాం.

నేను చెప్పేది ఒక్కటే. బోగ్ అంటే మొదట దేవుడు కాదు. వాటా! పంపకంలో మీ చేతికొచ్చిన ముక్క.

రుజువు కావాలా? రష్యన్‌లో డబ్బున్నవాణ్ణి 'బొగాతియ్' అంటారు. ఏమీ లేనివాణ్ణి 'ఉబోగియ్' అంటారు. ముందున్న ఆ 'ఉ' లేమిని చెబుతుంది. ఇందులో గుడి ఉందా, పూజ ఉందా? వాటా దక్కినవాడు, దక్కనివాడు, అంతే. ఇప్పుడు మన మాటలు తెచ్చి పక్కన పెట్టండి. భాగ్యవంతుడు, అభాగ్యుడు. నాకైతే ఒళ్లు జలదరించింది!

ఇంకా ఉంది. పోలిష్‌లో 'జ్బోజె' అంటే ధాన్యం. అదే మాట చెక్‌లో 'జ్బొజీ' అయి, కొట్లో అమ్మే సరుకు అయింది. దేవుడి పేరులోంచి గింజలెలా రాలతాయండీ? గింజలు పంచుకునే చోట పుట్టిన మాట దేవుడి దాకా ఎక్కిందంటే మాత్రం లెక్క సరిపోతుంది. హిందీవాళ్లు అన్నాన్ని 'భాత్' అంటారు కదా, అది సంస్కృతంలోని 'భక్త' నుంచి వచ్చింది. దాని ధాతువు 'భజ్', అంటే పంచడం. కంచంలో పడ్డ వాటా!

మరి సంస్కృతం నుంచి వెళ్లిందా? లేదు. భగవంతుడిలోని మన 'భగ', వాళ్ల 'బోగ్' అన్నదమ్ముల పిల్లలు. ఒకరు ఇంకొకరికి తండ్రి కాదు. పండితుల కొట్లాట వేరే ఉంది. స్లావులు, అంటే ఈ రష్యన్, పోలిష్, చెక్ వాళ్ల పూర్వీకులు, దీన్ని ఇరానియన్ భాషల నుంచి అప్పు తెచ్చుకున్నారని ఒక వర్గం, కాదు సొంతమేనని మరో వర్గం. అప్పు వర్గం దగ్గర గట్టి పాయింటే ఉంది. పర్షియా చక్రవర్తి డరయస్ శాసనాల్లోని పాత పర్షియన్‌లో 'బగ' అంటే నేరుగా దేవుడే. నల్లసముద్రం పైనున్న గడ్డి మైదానాల్లో స్లావులకు పొరుగున ఉన్న సిథియన్లు, సర్మేషియన్లు మాట్లాడిందీ ఇరానియన్ భాషలే. నన్నడిగితే ఇద్దరిదీ సగం సగం కరెక్ట్. వాటా అనే అర్థం సొంతింటిది, దేవుడనే అర్థం పొరుగింటిది. తిట్టుకున్నా సరే, ఈ మాట మార్చను.

మన భగుడి కథ వినండి. ఋగ్వేదంలో ఆదిత్యుల్లో ఒకడు, పంచిపెట్టే దేవుడు. ఏడో మండలం 41వ సూక్తం, భాగ్యసూక్తం అంటామే, అది ఆయనదే. పాపం, దక్షయజ్ఞంలో వీరభద్రుడు ఆయన కళ్లు పీకేశాడు. వాటాలు పంచేవాడికి కళ్లు లేవు! ఇక ఎవరికెంత వస్తుందో ఎవరు చెప్తారు? సరే, దారి తప్పాను.

స్లావుల్లో బోగ్దాన్ అనే పేరు చాలా మామూలు. దేవుడిచ్చినవాడు అని. భారతంలో ఏనుగెక్కి అర్జునుడి మీదికొచ్చిన భగదత్తుడి పేరూ అదే అచ్చు. రష్యన్లు థాంక్స్ బదులు చెప్పే 'స్పసీబ' కూడా 'స్పసి బోగ్', దేవుడు రక్షించుగాక అనేదే. పలికీ పలికీ చివర 'గ్' అరిగిపోయింది.

క్రొయేషియాలో అయితే ఎదురుపడ్డా బోగ్, వెళ్లేటప్పుడూ బోగ్. తిట్లు, లైకులు ఏవైనా సరే, నా వాటా కామెంట్లలో పడేయండి. బోగ్!