తొమ్మిదో లెవెల్ వీరుడూ, ఊరి తహసీల్దారూ

అందరికీ నమస్కారం. కర్నూలులో ఈ ఆట ఆడేవాళ్లు ఇంతమంది ఉన్నారంటే సంతోషంగా ఉంది. వెనక కూర్చున్న పెద్దవాళ్ల కోసం ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డీఎం అంటాం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆ కథలో తిరుగుతారు, ఆ జట్టునే పార్టీ అంటాం. ఆడేకొద్దీ పాత్ర బలం పెరుగుతుంది, ఆ మెట్లే లెవెళ్లు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది ఊపందుకుంది.

మన సమస్య ఇది: ఇంత బలమైన వీరులను ఊరి అధికారం ఎలా అదుపులో పెడుతుంది? 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఊరి కాపలావాడికి ఇచ్చిన ప్రాణం 11 పాయింట్లు, అన్ని పాయింట్ల దెబ్బ తగిలితే పోతాడు. ఐదో లెవెల్‌కి వచ్చిన మాంత్రికుడు ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వేస్తే ఎనిమిది పాచికల దెబ్బ, సగటున 28. పక్కకు దూకినా సగం తగులుతుంది, అంటే 14. తప్పించుకున్నవాడు కూడా పోయినట్టే! చుట్టూ 20 అడుగుల మేర ఎంతమంది నిలబడి ఉంటే అంతమందీ పోతారు. ఇక ఆ ఊళ్లో దొర మాట ఎవడు వింటాడు?

ఇక్కడికి రాగానే చాలామంది డీఎంలు ఒకే దారి పడతారు. పార్టీ బజార్లో గొడవ పెట్టుకోగానే కాపలాదళం కెప్టెన్ ఉన్నట్టుండి పద్దెనిమిదో లెవెల్ మొనగాడైపోతాడు. నాకిది బొత్తిగా నచ్చదు. అంత మొనగాడు ఊళ్లోనే ఉంటే, పక్క కొండ మీది గాబ్లిన్లను తరమడానికి రాజు ఈ నలుగురు కుర్రాళ్లను ఎందుకు పంపినట్టు? ఆటగాళ్లు ఈ మాట పైకి అనరు గానీ, ఆ రోజు నుంచి ఆ ఊరిని నమ్మడం మానేస్తారు.

తనకు లొంగని బలవంతుణ్ని అధికారం ఎలా దారికి తెస్తుందన్నది సీమవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1800లో నిజాం ఈ దత్తమండలాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది, అది వేరే కథ. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా దిగేసరికి ఎనభై మంది దాకా పాళెగాళ్లు ఉన్నారు. కోటలు వాళ్లవే, బంట్లు వాళ్లవాళ్లే, వసూళ్లూ వాళ్లవే. ఆటలో చెప్పాలంటే అందరూ పై లెవెల్ వాళ్లే. కంపెనీకి ఫిరంగులు లేక కాదు, ఎదురు తిరిగినవాళ్ల మీదికి జనరల్ క్యాంప్‌బెల్ దండు నడిచింది కూడా. అయితే మన్రో అసలు ఆయుధం శిస్తు. పెంచి అడిగాడు. కట్టననేవాడి పాళెం పోయింది, దిగొచ్చినవాడికి పింఛను దక్కింది. బంట్ల గుంపులను చెదరగొట్టాడు. ఇది న్యాయమని నేననను, లండన్‌లో కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. నేను చెప్పేది పద్ధతి గురించి. శిస్తు లెక్కలు రాసిన జమాబందీ చిట్టా మీద ఫైర్‌బాల్ వేసి లాభం లేదు, దానికి కచేరీలో ఇంకో నకలు ఉంటుంది.

ఈ కిటుకు ఆటలో ముందునుంచీ ఉంది, మనమే వదిలేశాం. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకం చూడండి. యోధుడు తొమ్మిదో లెవెల్‌కి వస్తే వాడు లార్డ్. కోట కట్టుకోవచ్చు, బంట్లు వచ్చి చేరతారు, తన ఏలుబడిలో ఉన్న మనిషికి ఇంత అని నెలకు 7 వెండి నాణేలు వస్తాయి. వీరుణ్ని జైల్లో పెట్టకుండానే ఒకచోట కట్టిపడేశారు. ఇల్లూ వాకిలీ, పొలం, పన్ను ఉన్నవాడు రాజు కబురు పంపితే రాక చస్తాడా?

ఈ ఆట కోసం అల్లిన ఫర్గాటెన్ రెల్మ్స్ అనే ఊహాలోకంలో కోర్మిర్ అనే రాజ్యం ఇంకో దారి తొక్కింది. అక్కడ సాహసికుల దండు ఆయుధాలతో తిరగాలంటే సర్కారు ఇచ్చిన చార్టర్ ఉండాలి. మన తుపాకీ లైసెన్సు లాంటిదే. కత్తిని ఒరలోంచి దూయడానికి వీల్లేకుండా ముడేసి కట్టుకోవాలి.

మొన్న ఒక బల్ల దగ్గర దీన్ని ఆడించడం చూశాను. ఊరి గేటు దగ్గర కత్తికి తాడు కట్టమన్నారు. ఆరో లెవెల్ కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి, ‘కట్టను. ఏం చేస్తావన్నా?’ అన్నాడు. డీఎం గేటు గుమాస్తా గొంతుతో, ‘ఏమీ చేయను నాయనా. నీ పేరు, మీ దండు పేరు రాసుకుంటా, అంతే’ అన్నాడు. రాసుకున్నాడు, నిజంగానే కాగితం మీద. లోపలికి పోయాక సత్రంవాడు గది లేదన్నాడు. గుళ్లో పూజారి గాయాలు మాన్పడానికి చార్టర్ చూపమన్నాడు. గుహలో దొరికిన మంత్రపు ఉంగరాన్ని వ్యాపారి సగం ధరకే అడిగాడు, ముద్ర లేని సరుకు అన్నాడు. సాయంత్రానికి కుర్రాడే గేటు దగ్గరికొచ్చి తాడు అడిగాడు. ఒక్క పాచిక కూడా వేయలేదు.

కానీ ఆ తాడును సర్కారే తెంపుకుంటే? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ అదే. కంపెనీ నుంచి నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను తీసుకునే మనిషి. నొస్సం పాళెగాళ్ల వైపు నుంచి తనకు రావాలనుకున్న పింఛను రాలేదు. అటు ఊళ్లలో కావలి కాసే కట్టుబడివాళ్ల ఇనాములను కంపెనీ వెనక్కి లాక్కుంటోంది. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాళ్లంతా ఆయన వెంట నడిచారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారు. ముప్పై ఏళ్లు! అంత భయపెట్టాల్సి వచ్చిందంటే, మిగిల్చుకున్న డబ్బు కంటే దండుకయిన ఖర్చే ఎక్కువై ఉంటుందని నా లెక్క. డీఎంలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడుంది. మీ రాజు పిసినారితనంతో వీరుడి జీతం ఆపితే మంచి కథ పుడుతుంది, పైగా తప్పు ఎవరిదో ఆటగాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఖైదు గురించి ఎక్కువ చెప్పను. మన ఊరి బురుజులో ఆలంపురం కొండారెడ్డిని బంధించారంటారు, ఆ రాతిగోడ ఆయనకు సరిపోయింది. మాంత్రికుడికి చాలదు. ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలే మిస్టీ స్టెప్ మంత్రానికి చేతులు కదపక్కర్లేదు, నోరుంటే చాలు, కళ్ల ముందున్న 30 అడుగులు దాటేస్తాడు. కాబట్టి కళ్లకు గంత, నోట్లో గుడ్డ. అలా ఎన్నాళ్లు ఉంచుతారు? అందుకే తెలివైన దొర జైలు జోలికి పోడు, జామీను అడుగుతాడు.

మీ పార్టీ తొమ్మిదో లెవెల్‌కి వస్తే ఒక పని చేసి చూడండి. వాళ్లకు ఓ కోట ఇవ్వండి, దాని కింద ఐదూళ్లు, రెండేళ్ల శిస్తు బకాయితో సహా. నాలుగు సెషన్లు పోయాక ఐదో లెవెల్ కుర్రాళ్లు నలుగురిని ఆ ఊరి బజార్లోకి తోలండి, వాళ్లలో ఒకడికి ఫైర్‌బాల్ ఉండాలి. మీ ఆటగాళ్లు ముందు పాచికలు తీస్తారా, చిట్టా తీస్తారా? నా పందెం చిట్టా మీదే. ఇక మీరు అడగండి.