ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు

గుంటూరులో జరుగుతున్న ఈ సభకు వచ్చిన ఆశా కార్యకర్తలకు, నర్సింగ్ విద్యార్థులకు, పల్లెల నుంచి వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం.

పక్షవాతం గురించి మాట్లాడమంటే మేమంతా మొదటి నాలుగున్నర గంటల దగ్గరే ఆగిపోతాము. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలిన వారికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆ గడువులోపలే పడాలి. పావురం రక్తం పూయిస్తూ ఆ గడువు పోగొట్టుకునేవారు ఇంకా ఉన్నారు కనుక ఈ మాట చెప్పక తప్పదు. అయితే ఈ రోజు నేను చెప్పదలచింది ఆ తరువాతి సంగతి.

పెదనందిపాడు వైపు ఒక పల్లెలో, ఎడమ వైపు పడిపోయిన ఒక వ్యవసాయ కూలీ ఇంటికి ఫిజియోథెరపిస్టుగా వెళ్లాను. ఆసుపత్రి చీటీ మీద ‘రోజూ వ్యాయామం’ అన్న రెండు మాటలే ఉన్నాయి. ఆయన పడుకునే నులక మంచం నడుమ గోతిలా కుంగిపోయి ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రెండు చేతులూ ఊనితే తప్ప అందులోంచి లేవలేడు. మరుగుదొడ్డి పెరట్లో రెండు మెట్ల మీద ఉంది, అదీ గొంతుక్కూర్చునే రకం. ఆయన నన్ను నడక గురించి అడగలేదు. భార్య నీళ్లకు వెళ్లేదాకా ఆగి, తల వంచుకుని, “కడుక్కోవడం ఎట్లాగమ్మా?” అన్నారు. తినే చేత్తోనే కడుక్కోవలసి రావడంతో ఆయనకు అన్నం సహించడం మానేసింది. ఇది నేను చదువుకున్న ఏ పాఠంలోనూ లేదు. చెంచాతో తినమంటే, తిన్నట్టే ఉండదని నెల రోజులు మొరాయించి, చివరకు ఒప్పుకున్నారు. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కన్నం కోయించి మరుగుదొడ్డి మీద వేయించాము, మంచం మీద చెక్క పరిపించాము. ఆ ఇంట్లో నేను చేయగలిగిన వైద్యంలో సగం ఇదే.

మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం వేగంగా జరుగుతుంది కాబట్టి రోజూ గుంటూరు తీసుకురమ్మని సులువుగా చెబుతాము. బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి ఆటో కావాలి, తోడు రావడానికి భార్య కోత మానుకోవాలి. అప్పటికే ఒక కూలి పోయిన ఇంట్లో రెండోదీ పోతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందు ఆగేది బీపీ మాత్ర. ఊళ్లో ఉచితంగా దొరికేచోట కూడా, బీపీ మామూలుగా ఉందనగానే ఇంకెందుకని మానేస్తారు; అది మామూలుగా ఉన్నది ఆ మాత్ర వల్లనే.

2024 జులై నుంచి, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకు పింఛను నెలకు 15,000 రూపాయలయింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న మిగతావారికి 6,000. దీనివల్ల నిలబడిన ఇళ్లు ఉన్నాయి. కాని, నాలుగడుగులు వేస్తే పెద్ద పింఛను తప్పిపోతుందేమోనన్న భయంతో మంచం దిగని మనిషినీ చూశాను, ఆయన్ను తప్పుపట్టలేను.

మరొక ఇంట్లో, కుడి వైపు మొద్దుబారి మాట కూడా పోయిన ఒకామె మిరపకాయల తొడిమలు తీయడానికి కూర్చుంది. వేళ్లకు మంచి కసరత్తే అనుకున్నాను. స్పర్శ లేని చేతికి కారం మంట తెలియదు. చెమట తుడుచుకోబోయి ఆ చెయ్యి కంటికి తగిలినప్పుడు తెలిసింది. ఆమె అరవలేకపోతే పక్కనున్నవారు, మతి కూడా పోయిందని ఆమె ఎదుటే అన్నారు. మాట పోయిన చాలామందికి మన మాటలు అర్థమవుతూనే ఉంటాయి. ఆ కంటి నీళ్లు ఒక్క కారానివే అని నేను అనుకోను.

ఇక మాటలు ఆపి ఒక పని చేద్దాము. మంచం మీది మనిషిని లేపేటప్పుడు దాదాపు అందరూ పడిపోయిన చేతినే పట్టి లాగుతారు, దానితో భుజం కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది. అలాంటి నులక మంచమే ఒకటి ఇక్కడ వేయించాను. ముందు వరుసలోని ఒక అమ్మ పైకి వచ్చి పడుకుంటే, నడుముకు తువ్వాలు చుట్టి ఎలా లేపాలో చూపిస్తాను.