లెక్కలు రావని బైపీసీలో వేసేస్తున్నారా? పదో తరగతి తర్వాత సైన్స్ ఎంత, ఎక్కడ?

[నల్లబల్ల పక్కన నిలబడి]

నమస్కారమండీ. పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలో శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో కాలేజీ పీఆర్వోల హడావుడి మీరు చూసే ఉంటారు. మార్కులు అడగడం, గ్రూపు చెప్పేయడం, ఫీజులో తగ్గింపు అనడం, అన్నీ గుమ్మంలోనే అయిపోతాయి. ఆ తర్వాత తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తారు. "ఏటి మేస్టారూ, మా గుంటడ్ని దేన్లో ఎయ్యమంటారు? ఆడికి లెక్కలు రావండీ. బైపీసీలో ఎసేద్దునా?"

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. లెక్కలుండే ఎంపీసీ సెక్షన్‌కీ నేనే, లెక్కల బదులు బయాలజీ ఉండే బైపీసీ సెక్షన్‌కీ నేనే. రెండు చోట్లా అదే పుస్తకం, పరీక్షకి అదే పేపరు. ఈ సంగతి చాలామందికి అడ్మిషన్ అయ్యాక గానీ తెలీదు. బైపీసీలో లెక్కల పేపరు ఉండదు, నిజమే. కానీ వెక్టర్లు, సైన్‌లు, కాస్‌లు, కాస్త డిఫరెన్షియేషన్, ఇవన్నీ ఫిజిక్స్‌లో ఎదురొస్తాయి. ఎంపీసీ పిల్లలకి వీటిని నేర్పడానికి విడిగా లెక్కల పీరియడ్ ఉంటుంది. బైపీసీ వాళ్లకి అదీ ఉండదు.

[స్క్రీన్ మీద: మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ 720 మార్కుల్లో ఫిజిక్స్ 180. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ 160లో ఫిజిక్స్ 40.]

రెండు చోట్లా పావు వంతు. పైగా నీట్‌లో తప్పు జవాబుకి ఒక మార్కు కోత. జీవశాస్త్రం మీద ఇష్టంతో వచ్చిన పిల్ల ఈ పావు వంతునీ కష్టపడి గట్టెక్కించుకుంటుంది. లెక్కల్ని తప్పించుకుందామని వచ్చినవాడికి ఆ ఇష్టమూ ఉండదు, భయమూ పోదు. దసరా సెలవులయ్యేసరికి "గ్రూపు మారుస్తాను సార్" అంటాడు.

మరి ఏం చూసి తేల్చుకోవాలి? మార్కుల మొత్తం చూసి మాత్రం కాదు. మన పదో తరగతిలో ఫిజికల్ సైన్స్ 50, బయాలజీ 50. ఆ వందలో అర్థమై రాసిందెంత, బట్టీ పట్టి రాసిందెంత అన్నది అంకె చెప్పదు. అందుకే నేను ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి చెబుతాను. మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు.

[బల్ల మీద రాస్తూ]

బంతిని సెకనుకి 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరాం. ఎంత ఎత్తుకి వెళ్తుంది? g విలువ 10 అనుకోమనండి. ఇది తొమ్మిదో తరగతి లెక్క. జవాబు 20 మీటర్లు.

జవాబు వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, వాడు చేసే తీరు చూడండి. ఇచ్చినవేంటో ముందు రాసుకున్నాడా? "మీటర్లు" అని రాశాడా, ఒట్టి 20 రాసి వదిలేశాడా? మధ్యలో ఆగిపోతే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడా, లేక మీ మొహం చూశాడా?

ఇప్పుడు రెండోది. అదే బంతి, అదే వేగం. ఈసారి నేలకి 30 డిగ్రీల కోణంలో విసిరాం. సైన్ 30 అంటే సగం, పదో తరగతిలో చదివిందే. కాబట్టి పైకి వెళ్లే వేగం 10. ఎత్తెంత? 5 మీటర్లు.

ఇక్కడ అడగండి: "వేగం సగమైతే ఎత్తు కూడా సగమై 10 మీటర్లు రావాలి కదా, 5 ఎందుకొచ్చింది?" కాసేపు ఆలోచించి "సూత్రంలో వేగానికి వర్గం ఉంది కదమ్మా" అన్నాడంటే, వాడి మార్కులు 450 అయినా ఎంపీసీకి పనికొస్తాడు. 580 వచ్చిన పిల్లాడు "మాకు ఇలాంటివి చెప్పలేదు" అని పెన్ను పెట్టేస్తే, రెండేళ్లు ఐఐటీ బ్యాచ్‌లో కూర్చోబెట్టే ముందు ఇంకోసారి ఆలోచించండి. నా మాట కొంచెం కటువుగా ఉంటుంది గానీ, ఆ బ్యాచ్‌ల్లో వెనక బెంచీ పిల్లల్ని రోజూ చూసేవాణ్ని.

ఇంజనీరింగే కావాలనుకుంటే, దారులు మూడున్నాయి.

[స్క్రీన్ మీద మూడు వరుసలు: ఇంటర్ 2 + బీటెక్ 4. పాలిటెక్నిక్ డిప్లొమా 3 + బీటెక్ 3. ట్రిపుల్ ఐటీ 2 + 4.]

కూడి చూడండి. మూడూ ఆరేళ్లే! డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు కాబట్టి, "పాలిటెక్నిక్ అయితే ఏడాది దండగ" అనే మాటలో పస లేదు. తేడా ఎక్కడొస్తుందంటే, మధ్యలో ఆగాల్సి వచ్చినప్పుడు. ఇంటర్‌తో ఆగితే చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే ఇంజనీరింగ్ అర్హత ఏదీ ఉండదు. డిప్లొమాతో ఆగినా రైల్వే జూనియర్ ఇంజనీర్ పరీక్ష రాయొచ్చు. నాన్న వలస వెళ్లి డబ్బు పంపితే గానీ గడవని ఇళ్లు మన ఉద్దానంలో ఎన్ని లేవు! అలాంటి ఇంట్లో నేనైతే ముందు డిప్లొమా పేరే ఎత్తుతాను.

అలాగని పాలిటెక్నిక్ లెక్కలు తప్పించుకునే చోటు కాదు. దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 ప్రశ్నలు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. బయాలజీ ఒక్కటీ రాదు. సిలబస్ మాత్రం పదో తరగతిదే. శ్రీకాకుళంలో అమ్మాయిలకి విడిగా ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉంది, విజయనగరంలో ఎంఆర్ఏజీఆర్ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది.

ట్రిపుల్ ఐటీ అని మనం పిలిచే ఆర్జీయూకేటీకి ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులతోనే సీటు. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివినవాళ్లకి 4 శాతం కలుపుతారు. మన ఎచ్చెర్ల దగ్గర క్యాంపస్ ఉంది కాబట్టి సీటు అక్కడే వస్తుందని అనుకోకండి. నూజివీడు, ఒంగోలు, ఇడుపులపాయ కూడా ఉన్నాయి. పదిహేనేళ్ల పిల్ల ఇల్లు వదిలి ఉండగలదా అన్నది మార్కులతో తేలే విషయం కాదు. ఆమెనే అడగండి.

ఐటీఐ పేరెత్తితే మొహం చిట్లిస్తారు. మొదటి లెక్కే రాని పిల్లాడు ఇంట్లో మిక్సీ పాడైతే విప్పి బాగుచేస్తున్నాడంటే, ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చేయనివ్వండి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ఐటీఐ అర్హతే.

ఇక బైపీసీ. ఇదంటే డాక్టరే అనుకుంటారు. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. రెండూ మన ముంగిట్లోనే ఉన్నాయి, అయినా మా క్లాసులో ఎవరిని అడిగినా ఎంబీబీఎస్ తప్ప ఇంకో పేరు రాదు. బీఎస్సీ నర్సింగ్‌కి బైపీసీ కావాలి. బీఫార్మసీకి ఎంపీసీ అయినా, బైపీసీ అయినా ఒకటే, కాబట్టి పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల మీద కన్నున్నవాళ్లు గ్రూపు గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) తీసుకునే ముందు ఒక్క మాట: తర్వాత మామూలు సైన్స్ డిగ్రీకి వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు రాయాల్సి ఉంటుంది.

2025-26 నుంచి ఇంటర్ బోర్డు లెక్కలు, బయాలజీ రెండూ చదివే ఎంబైపీసీ కూడా పెట్టింది. "రెండు తలుపులూ తెరిచి ఉంటాయి కదండీ" అంటున్నారు. నిజమే, కానీ మోయాల్సింది పిల్లాడు. ఆ రెండో లెక్క ఇష్టంగా చేసి, బయాలజీ కూడా సొంతంగా తెరిచి చదివేవాడికి తప్ప నేను చెప్పను.

[దగ్గరి షాట్: ఫైల్లో టీసీ, స్టడీ సర్టిఫికెట్లు]

చివరగా ఈ కాగితాలు. పాలిసెట్ కౌన్సెలింగ్, ట్రిపుల్ ఐటీ లిస్టు తేలకముందే సీటు పోతుందేమోనని ప్రైవేటు కాలేజీలో టీసీ, ఒరిజినల్స్ ఇచ్చేస్తారు. తర్వాత మంచి సీటు వస్తే, ఆ కాగితాలు తిరిగి తెచ్చుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి, ఒక్కోసారి ఏడాది ఫీజు కట్టమంటారు. ఆన్‌లైన్ మెమో జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ కౌన్సెలింగ్ అయ్యాకే ఇస్తామని గట్టిగా చెప్పండి. కాదంటే, ఆ కాలేజీ గురించి అప్పుడే ఒక సంగతి తెలిసినట్టు.

బంతి లెక్క మీ ఇంట్లో ఎలా జరిగిందో కామెంట్లో రాయండి. పిల్లల హాల్ టికెట్ నంబర్లు మాత్రం పెట్టకండి.