పత్తి పోయాక మిగిలిన మాంచెస్టర్

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని మాంచెస్టర్ నగరం మన పెద్దలకు మిల్లు బట్ట ద్వారా పరిచయమైన ఊరు. ఆ చుట్టుపక్కల మరమగ్గాల మీద నేసిన చవక బట్ట ఓడలకెక్కి వచ్చి మన నేతగాళ్ల పొట్ట కొట్టిన సంగతి అందరికీ తెలిసిందే. అయితే 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి రావడం ఆగిపోయినప్పుడు, గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవు నుంచి ఇంగ్లండుకు తరలిపోయిన సంగతిని మనం అంతగా చెప్పుకోము. ఆ పత్తి వ్యాపారం ఏనాడో అంతరించింది. దాని లాభాలతో లేచిన భవనాలు మాత్రం చాలావరకు నిలిచే ఉన్నాయి. వాటిని ఆ నగరవాసులు ఏం చేసుకున్నారన్నది ఈనాటి ప్రసంగ విషయం.

లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి బేళ్లను మాంచెస్టర్‌కు చేర్చడానికి వేసిన రైలు మార్గం 1830లో మొదలైంది. దాని చివరి మజిలీ అయిన లివర్‌పూల్ రోడ్ స్టేషను, ప్రపంచంలో నేటికీ నిలిచి ఉన్న ప్రయాణికుల రైల్వే స్టేషన్లలో అతి పాతది. పట్టాలకు ఎదురుగా అదే ఏడాది కట్టిన గిడ్డంగి కూడా చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఆ ఆవరణ విజ్ఞాన, పారిశ్రామిక ప్రదర్శనశాలకు నెలవు.

బేళ్లు గిడ్డంగి చేరితే బేరాలు రాయల్ ఎక్స్ఛేంజిలో జరిగేవి. నా దృష్టిలో మాంచెస్టర్ భవనాలన్నింటిలో ముందుగా చెప్పుకోవలసినది ఇదే. ఎత్తైన గుమ్మటాల కింద, రాతి స్తంభాల మధ్య, వేలాదిమంది వర్తకులు ఒకేచోట నిలబడి పత్తికీ నూలుకూ ధర కట్టిన విశాలమైన హాలు అది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు దెబ్బతిని, తిరిగి కోలుకుని, చివరకు 1968లో వ్యాపారం పూర్తిగా నిలిచిపోవడంతో ఖాళీ అయింది. ఎనిమిదేళ్లకు, 1976లో, అదే హాలు నడుమ ఒక నాటకశాల వెలిసింది. చుట్టూ ప్రేక్షకులు, నడుమ నటులు ఉండేలా ఉక్కుతోనూ గాజుతోనూ కట్టిన ఏడు పలకల నిర్మాణం అది. దాని బరువునూ, సుమారు ఏడువందల మంది ప్రేక్షకుల బరువునూ పాత నేల మోయలేదని ఇంజనీర్లు తేల్చడంతో, గుమ్మటాన్ని మోస్తున్న నాలుగు పెద్ద స్తంభాలకే ఆ నాటకశాలను వేలాడదీశారు. రంగస్థలమూ, కింది వరుస కుర్చీలూ మాత్రమే నేల మీద ఆనుకుని ఉంటాయి. ఇక గోడ మీద పైన, చివరి రోజు ధరలు చూపించిన పెద్ద పలక అప్పటి అంకెలతోనే నేటికీ ఉంది. కొత్త అవసరానికి చోటిస్తూనే పాత పనిని ఇంత స్పష్టంగా గుర్తుచేసే కట్టడాలు అరుదు. 1996 జూన్ 15న ఐ.ఆర్.ఏ. అనే ఐరిష్ సాయుధ సంస్థ పెట్టిన బాంబు సమీప వీధిలో పేలినప్పుడు ముందస్తు హెచ్చరిక వల్ల ప్రాణనష్టం తప్పినా, రెండువందలకు పైగా జనం గాయపడ్డారు. ఈ భవనమూ బాగా దెబ్బతిని, 1998లో గాని తిరిగి తెరుచుకోలేదు.

ఇదే న్యాయం ఫ్రీ ట్రేడ్ హాలుకు దక్కలేదని నా బాధ. 1819లో ఓటు హక్కు కోసం చేరిన దాదాపు అరవైవేల మంది నిరాయుధుల మీదికి గుర్రపు దళాన్ని ఉసిగొల్పిన పీటర్లూ మైదానంలో, 1850లలో కట్టిన సభాభవనమది. పత్తి రాక మిల్లులు మూతపడి పస్తులున్న రోజుల్లో కూడా, అమెరికాలోని బానిసత్వాన్ని వ్యతిరేకిస్తూ 1862 డిసెంబరు 31న ఇక్కడి కార్మికులు సభ జరిపి అమెరికా అధ్యక్షుడు లింకన్‌కు లేఖ పంపారు, ఆయన మరుసటి నెలలోనే జవాబు రాశారు. అంతటి చరిత్ర ఉన్న చోట ఇప్పుడు మిగిలింది ముందరి గోడ సొగసు. దాని వెనుక ఉన్నది హోటలు. కమాను వరుసలను కాపాడినందుకు సంతోషమే, కాని పదిమంది కూడి గొంతెత్తే చోటును కూడా కాపాడి ఉండవలసింది.

ఆ హాల్లో దశాబ్దాలపాటు కచేరీలు చేసిన హాలే వాద్యబృందం 1996లో బ్రిడ్జ్‌వాటర్ హాలుకు మారింది. పక్కనే ట్రాములు తిరిగే ఆ వీధిలో చక్రాల అదురు సంగీతానికి అడ్డు రాకుండా, భవనాన్ని సుమారు 280 ఉక్కు స్ప్రింగుల మీద నిలబెట్టారు. లోపల కూర్చున్నవారికి పక్కన ట్రాము వెళ్లిన సంగతే తెలియదు. ఎదురుగా 1880 నాటి సెంట్రల్ స్టేషను, 64 మీటర్ల వెడల్పున్న ఒకే కమాను కప్పుతో, 1969లో రైళ్లు ఆగిపోయాక కార్లు నిలుపుకునే చోటుగా మారి, 1986 నుంచి ప్రదర్శనలకూ సమావేశాలకూ వేదికైంది.

కొత్త నిర్మాణాల విషయానికొస్తే, 2006లో 169 మీటర్ల ఎత్తున లేచిన బీథమ్ టవర్ గాలి గట్టిగా వీచిన రాత్రుళ్లలో హోరుమంటుంది. డీన్స్‌గేట్ స్క్వేర్‌లోని టవరు ఇప్పుడు 201 మీటర్లతో దానిని మించిపోయింది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో మొదలైన యాంకోట్స్ పేటలోని ఎర్ర ఇటుకల నూలు మిల్లులు ఖరీదైన ఫ్లాట్లుగా మారాయి. గోడలు బతికినందుకు మెచ్చుకోవలసిందే. కాని ఒకప్పుడు అక్కడ పనిచేసిన కుటుంబాలవారు ఇప్పుడక్కడ అద్దె కట్టి ఉండగలరా అన్న ప్రశ్నకు నగరపాలకులు జవాబు చెప్పాలి. 2023లో తెరుచుకున్న అవివా స్టూడియోస్ నాటకానికీ సంగీతానికీ కొత్త కళాకేంద్రం. అనుకున్న గడువునూ ఖర్చునూ బాగా దాటినా, ప్రజాధనం కళకు వెచ్చించడాన్ని నేను తప్పుపట్టలేను.

పత్తి ధనం మంచి దారి పట్టిన చోటు ఒకటుంది. జాన్ రైలాండ్స్ అనే మిల్లు యజమాని మరణించాక, ఆయన భార్య ఎన్రికేటా భర్త స్మృతిగా కట్టించిన గ్రంథాలయం 1900లో పాఠకులకు తెరుచుకుంది. గ్యాసు దీపాల పొగ పుస్తకాలకు చేటని, ఆ రోజుల్లోనే అందులో విద్యుద్దీపాలు పెట్టించారు. యోహాను సువార్తలోని కొన్ని వాక్యాలున్న అరచేతిలో ఇమిడే పపైరస్ ముక్క ఇక్కడే ఉంది. కొత్త నిబంధన రాతప్రతుల్లో మనకు దొరికినవాటిలో అతి పురాతనమైనదిగా దానిని పండితులు చెబుతారు. అక్కడికి కొద్ది దూరంలోనే 1934లో తెరిచిన గుండ్రటి కేంద్ర గ్రంథాలయం ఉంది. ఈ రెండింటిలోకీ ప్రవేశానికి రుసుము లేదు. మాంచెస్టర్‌లో ఉన్న పిల్లల దగ్గరికో బంధువుల దగ్గరికో వెళ్లే శ్రోతలు ఒక పూట వీటికి కేటాయించుకోవాలని కోరుతున్నాను.