65 డి/10 షీటు, ఒక నీలం గీత

వేదిక మీద ఉన్న పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు, చోటు చాలక వెనక నిలబడ్డవాళ్ళకు నమస్కారం. శాలువాల సంగతి తర్వాత చూద్దాం. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. పాత మ్యాపుల్లో మన బెజవాడ గురించి చెప్పమన్నారు. నాలుగు విషయాలు రాసుకొచ్చాను. ఎన్ని అవుతాయో చూద్దాం.

ముందు ఈ షీటు. బాబూ, ఆ మూల కాస్త పట్టుకో, చుట్టుకుపోతోంది. ఇది సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపో షీటు, అంటే కొండలు, వాగులు, ఊళ్ళు గీసిన మ్యాపు, నంబరు 65 డి/10. దీని మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. బ్యారేజీకి కాస్త దక్షిణంగా, పదహారున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర షీటు అయిపోతుంది. ఉండవల్లి గుహలు చూడాలంటే 65 డి/11 తెచ్చి కింద అతికించుకోవాల్సిందే.

ఇంకా పాతవి, మైలుకు అంగుళం షీట్లు చూస్తే ఊరి పేరు బెజవాడే. ఊరి పేరు మారినా రైల్వేవాళ్ళు స్టేషన్ కోడ్ బీజెడ్‌ఏ అలాగే ఉంచారు, వాళ్ళకు దండం పెట్టాలి. 1957లో ప్రకాశం బ్యారేజీ రాకముందు అక్కడ 'ఆనికట్' అని ఉంటుంది. మన ఆనకట్టే. తమిళంలో అణైకట్టు. తెల్లవాడి నోట్లో పడి అలా అయింది.

ఒక తమాషా చెప్పనా? సముద్రతీరం నుంచి సుమారు 80 కిలోమీటర్ల లోపు షీట్లు ఒకప్పుడు మామూలు జనానికి అమ్మేవారు కాదు. దేశ భద్రత అట. మన ఊరు ఆ గీతకు లోపలే. మన ఊరి మ్యాపు మనం చూడకూడదు! అదే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల ఆధారంగా అమెరికా సైన్యం వేసుకున్న చిన్న స్కేలు మ్యాపులు మాత్రం టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. 2005లో మ్యాపుల పాలసీ మారాక గాని మనకు తలుపు తెరుచుకోలేదు.

సరే, రెండో విషయం... వద్దు, అది తర్వాత. సింగ్‌నగర్, వాంబే కాలనీ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు.

అయితే ఇక్కడ చూడండి. ఈ గోధుమరంగు గీతలు కొండలు. ఇరవై మీటర్ల ఎత్తు పెరిగినప్పుడల్లా ఒక గీత. కొండపల్లి దగ్గర వేలిముద్రలా చిక్కగా ఉన్నాయి. ఇటు సింగ్‌నగర్ వైపు రండి. ఒక్క గీతా లేదు. తెల్లకాగితం. మ్యాపులో అక్కడేమీ లేదనుకుంటాం. కానీ గీత లేదంటే వాలు లేదని. వాలు లేకపోతే వచ్చిన నీరు పోదు. ఆ తెల్లకాగితం మీద మెలికలు తిరుగుతూ పోతున్న ఈ నీలం గీత బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలుస్తుంది. బెజవాడ దుఃఖదాయిని అని దానికి ఎప్పటినుంచో పేరు.

ఇప్పుడు నేను చెప్పుకోవాల్సింది ఒకటుంది. కాగితంలో రాసుకోలేదు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. చిన్న వయసులో ఊళ్ళో ఒక ప్లాట్ల ఆఫీసులో లేఅవుట్లు గీసేవాణ్ణి. అమ్మకూడని టోపో షీటు ఆ ఓనరుగారి బల్ల మీదికి ఎలా వచ్చిందో నేను అడగలేదు. దాన్ని చూసి, బుడమేట్లో కలిసే ఒక పిల్లవాగును కూడా ట్రేసింగ్ పేపరు మీద గీశాను. ఆయన చూసి, "అది ఎండిపోయి ఎన్నేళ్ళయిందోయ్! కొనేవాళ్ళకు లేనిపోని టెన్షన్. తీసెయ్" అన్నారు.

తీసేశాను. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు రబ్బరుతో పోదు. సగం బ్లేడుతో మెల్లగా గీకాలి. కాగితం చిరగకూడదు. గీకినచోట నూగు లేస్తుంది, దాన్ని గోటితో రుద్ది నున్నగా చెయ్యాలి, లేకపోతే మళ్ళీ గీసిన ఇంకు పాకుతుంది. అంతా చేసి, దాని మీద 'ముప్పై అడుగుల రోడ్డు' అని అందంగా రాశాను. నా అక్షరాలు బాగుంటాయని ఓనరుగారు మెచ్చుకున్నారు కూడా.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీటిని కృష్ణలోకి తిప్పే మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. బ్యారేజీ దగ్గర కృష్ణ పొంగుతోంది, మర్నాటికి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్ళు అందులోకి దిగవు. ఊళ్ళోకి వచ్చాయి. మా మేనకోడలి ఇల్లు అటే. నేను గీకిన ప్లాట్లలో కాదు, రెండు వీధులు ఇవతల. కింది వాటా మునిగింది, పాల ప్యాకెట్లు పడవలో వచ్చాయి. నీళ్ళు తీశాక వెళ్తే బురద ఎత్తుతోంది. చీపురు పక్కన పెట్టి కాఫీ ఇచ్చి అడిగింది: "మావయ్యా, నువ్వు మ్యాపులు గీసేవాడివిగా. ఇల్లు కొనేటప్పుడు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చాను.

అధ్యక్షులవారు చీటీ పంపారు. టైమైపోయిందట. మూడు, నాలుగు విషయాలు ఎగిరిపోయాయి. పిల్లలూ, మీకొక పని. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఎనికేపాడు రండి. ఏలూరు కాలువ పైన పోతుంటే దాని కిందనుంచి బుడమేరు పోతుంది, అక్కడ కలుద్దాం. ఈ షీటు జిరాక్సులు నేను తెస్తాను. అక్కణ్ణుంచి పైకి నడుద్దాం. నీలం గీత మీద ఏ ఇల్లుందో, ఏ రోడ్డుందో మీరు ఎర్రపెన్సిలుతో గుర్తుపెట్టాలి. పెన్సిలు మీరే తెచ్చుకోండి. రబ్బరు అక్కర్లేదు.