ఏడో బోరు, 63వ మీటరు

వేదిక మీదున్న పెద్దలకు, వేదిక కింద కూర్చున్న ఇంకా పెద్దలకు, ఫ్యాను గాలి అందని చోట నిలబడ్డ పిల్లలకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన ప్రొఫెసర్ గారు చాలా చెప్పారు. అందులో సగం వాళ్ల అభిమానం. మిగతా సగం నా వయసు.

నాకిచ్చిన విషయం ‘అగ్నిపర్వత శిలల్లో రాగి, వెండి నిక్షేపాల అన్వేషణ’. నలభై నిమిషాలు ఇచ్చారు. వచ్చేటప్పుడు తువ్వాల్లో చుట్టి ఒక వస్తువు కూడా తెచ్చాను, ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. ఇప్పుడే విప్పను. ముందు వరసలో అమ్మాయీ, దొర్లిపోకుండా కాస్త చూస్తూ ఉండు తల్లీ.

నాది రాజమండ్రి. కాతేరు క్వారీల్లో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. అక్కడి నల్లరాయి పగలగొడితే లోపల శనగగింజంత గుంటలు, వాటి నిండా తెల్లటి స్ఫటికాలు. మేం ‘రాతికి పళ్లొచ్చాయి’ అనేవాళ్లం. ఆ రాయి దక్కను నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా పారుకుంటూ వచ్చిన లావా అని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతున్నారు. లావా చల్లబడేటప్పుడు లోపలి వాయువు బుడగలై పైకి తేలుతుంది. పైన గట్టిపడ్డ పొరలో బుడగలు అలాగే చిక్కుకుపోతాయి, కింది భాగం గట్టిగా, నున్నగా ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఆ ఖాళీల్లోకి వేడినీళ్లు దిగి, తెచ్చిన ఖనిజాల్ని వదిలేసి పోతాయి. మా కాతేరు బుడగల్లో తెల్లరాళ్లు వదిలాయి. అమెరికాలో ఒకచోట రాగి, వెండి వదిలాయి. తేడా అంతే అనుకునేరు, ఆ తేడా మీదే ఒక దేశం తీగలు వేసుకుంది.

ఆ చోటు పేరు కివీనా. మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరాన, సుపీరియర్ సరస్సులోకి వేలు చాపినట్టుండే ద్వీపకల్పం. మా అమ్మాయి మిషిగన్‌లోనే ఉంటుంది. ‘నాన్నా, షికాగో చూద్దామా’ అంటే నన్ను అక్కడికి తీసుకెళ్లమన్నాను. తొమ్మిది గంటలు కారులో కూర్చున్న అల్లుడు గారు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

110 కోట్ల ఏళ్ల కిందట ఆ ఖండం చీలబోయి ఆగిపోయింది. ఆ చీలికలోంచి లావా పొర మీద పొరగా రెండు వందలకు పైగా సార్లు పొంగింది. మన పెసరట్టు దొంతర అనుకోండి, కాకపోతే మందం కిలోమీటర్లలో. మామూలు బసాల్ట్, అంటే ఈ నల్ల లావారాయి, టన్నులో రాగి ఎంతుంటుంది? వంద గ్రాముల దరిదాపు. అది ఎవరికీ అక్కరకు రాదు. కానీ అంత మందపాటి దొంతర అడుగున వేడెక్కిన నీరు ఆ కొంచెం కొంచెం రాగినీ లాక్కుని, పగుళ్ల వెంట పైకి వచ్చి, బుడగలున్న పొరల్లో, మధ్యలో ఉన్న గులకరాతి పొరల్లో దించేసింది. అప్పటికి లావా ఆగి కోట్ల ఏళ్లయింది. ఆ నీళ్లలో గంధకం బాగా తక్కువ. అందుకే అక్కడి రాగి చాలావరకు మరో ఖనిజంగా మారకుండా రాగిగానే, లోహంగానే ఉండిపోయింది. మా రాజమండ్రి దగ్గర దొంతర పల్చన. అందుకని మాకు పళ్లే మిగిలాయి.

పరీక్షలో అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. కివీనాలో ఒకే ముక్కలో సగం రాగి, సగం వెండి ఉన్న రాళ్లు దొరుకుతాయి. అక్కడి గని కార్మికులు వాటిని ‘హాఫ్‌బ్రీడ్’ అనేవారు. ఎర్రటి రాగి పక్కన తెల్లటి వెండి, గీత గీసినట్టు. మ్యూజియంలో చూశాను. ఆ రెండూ కరిగిన లావాలోంచి నేరుగా గడ్డకట్టి ఉంటే ఏమయ్యేది? ... గట్టిగా చెప్పు బాబూ. అవును. కలిసిపోయేవి. మన కంసాలి మూసలో పోసినట్టు ఒకదాన్నొకటి పట్టుకునేవి. కలవలేదంటే నిప్పులోంచి రాలేదు, నీళ్లలోంచి వచ్చాయి. చేతిలో పట్టుకున్న ఒక్క రాయి అంత చెబుతుంది. ఆ వెండి ముక్కల్ని కార్మికులు జేబులో వేసుకునేవారని అక్కడ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నేను ఎవర్నీ తప్పుపట్టను. భోషాణమంత రాగిని ఉలితో కోస్తూ నెలలు గడిపినవాడికి ఆ మాత్రం వెండి చేదా? నిజమే చెబుతున్నాను, ఆ రాగి ముద్దల్ని మందుగుండు పగలగొట్టలేదు, లోహం కదా, వంగుతుంది గానీ పగలదు. ఉలి, సుత్తి పట్టుకుని అంగుళం అంగుళం కోసేవారు.

సరే, అన్వేషణ. కివీనా పక్కనే ఒంటనాగన్ నది ఒడ్డున 3,708 పౌన్ల రాగి బండ ఒకటి ఉండేది. మన లెక్కలో 1,680 కిలోలు. అలెగ్జాండర్ హెన్రీ అనే వ్యాపారి 1771లో దాని దగ్గర మనుషుల్ని పెట్టి తవ్వించాడు. మట్టిగట్టు కూలింది, గని దొరకలేదు. దొరకదు. ఆ బండను మంచుప్రవాహం ఎక్కడినుంచో మోసుకొచ్చి అక్కడ పడేసింది. బండ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల దగ్గరుంది. రాయి కనపడ్డ చోట తవ్వడం కాదు, అది ఎటునుంచి వచ్చిందో కనుక్కోవడం మన పని.

మిషిగన్ మొదటి రాష్ట్ర జియాలజిస్టు డగ్లస్ హౌటన్ ఆ పని చేశాడు. అసలు వైద్యుడు. 1841లో ఆయన నివేదిక ఇచ్చాడు. రాగి ఉంది, కానీ తొందరపడి డబ్బు తగలెయ్యకండని అందులోనే హెచ్చరించాడు. జనం మొదటి సగం చదివారు. ఆ మరుసటి ఏడే లా పాయింట్ ఒప్పందంతో ఆ నేల అక్కడి ఆదివాసులు ఒజిబ్వే జనం చేతిలోంచి పోయింది. 1845 అక్టోబర్ 13న తుఫానులో పడవ తిరగబడి హౌటన్ మునిగిపోయాడు. 36 ఏళ్లు. క్లిఫ్ అనే రాగి గని మొదలైందీ ఆ ఏడాదే.

ఒజిబ్వే జనం మాట వచ్చింది కాబట్టి. కివీనాలో పెద్ద గనులు చాలావరకు ఎలా దొరికాయో తెలుసా? పాత గుంటలు చూసి. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల కిందటే రాతి సుత్తెలతో రాగి తీశారు. 1847-48 చలికాలంలో శామ్యూల్ నాప్ అనే గని అధికారి మంచు మీద ఒకచోట నేల లోపలికి దిగినట్టుంటే తవ్వించాడు. అడుగున ఆరు టన్నుల రాగి ముద్ద, కింద దుంగలు పేర్చి ఎత్తిపెట్టి ఉంది! ఎవరో ఎత్తబోయి వదిలేసి వెళ్లారు. మన పల్నాడులో అగ్నిగుండాల దగ్గర కూడా పాత తవ్వకాలున్నాయి. అక్కడి రాయి వేరు, అది లావా కాదు. కానీ పాతవాళ్లు మనకంటే ముందే చూశారన్న మాట మాత్రం రెండు చోట్లా ఒకటే. ఊళ్లోకి వెళ్లగానే జీపు దిగి జీపీఎస్ తీయకండి. ముందు పశువులు కాసే ముసలాయన్ని అడగండి.

... చీటీ వచ్చింది. ఇంకా పదిహేను నిమిషాలట. స్లైడ్లు నలభై రెండున్నాయి. అవి వద్దులెండి. తువ్వాలు విప్పుతాను.

ఇది కోర్ ముక్క. వజ్రాల బిట్టుతో రాతిలోకి దింపితే గొట్టంలోకి వచ్చే కడ్డీ. బీఎక్స్ సైజు, 42 మిల్లీమీటర్లు. ఎర్ర రంగుతో బాణం గుర్తు కనిపిస్తోందా? ఆ అంకెలు నా చేతిరాత. ఏడో బోరు, 63వ మీటరు. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. మన తెలుగు నేలమీదే ఒక నల్లరాతి మెట్ట, పాతకాలపు లావా, బుడగలు సాగిపోయి బియ్యపుగింజల్లా ఉంటాయి. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. ఆ రోజు వాన. టార్పాలిన్ కింద కూర్చుని లాగ్ పుస్తకంలో రాశాను: ‘61 నుంచి 64 వరకు నల్లరాయి. విశేషం లేదు.’ మా డ్రిల్లింగ్ మేస్త్రి అన్నాడు, ‘సార్, ఈ ముక్క కాస్త బరువుగా ఉంది, చూడండి’ అని. నేను చూళ్లేదు. భోజనం చల్లారిపోతోంది. పరీక్షకు పంపలేదు. ఆ మెట్టలో ఏమీ లేదని నివేదిక వెళ్లింది.

పదేళ్ల తర్వాత షెడ్డు ఖాళీ చెయ్యమని ఆఫీసు నుంచి ఆర్డరు. ఏ పనికిరాని కోర్ ఎందుకని. పెట్టెల చెక్క క్యాంటీను పొయ్యిలోకి వెళ్లింది. రాళ్లు రోడ్డు గుంతల్లోకి వెళ్లాయి. నేను అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను. ఉంటే ఆపేవాణ్ణా అని అడక్కండి. బహుశా సంతకం పెట్టేవాణ్ణే.

రిటైరయ్యాక ఒక పెళ్లికి ఆ పక్కకే వెళ్లాను. దాహమేసి ఒక ఇంటి ముందు ఆగాను. అరుగు మీద ఒక మామ్మ చిన్న రోట్లో అల్లం పచ్చిమిర్చి నూరుతోంది. చేతిలో ఇది! బాణం గుర్తు నా వైపే ఉంది. ‘ఎక్కడిదమ్మా’ అంటే, ‘రోడ్డేసేటప్పుడు దొరికిందయ్యా, పాతికేళ్లయినా అరగలేదు’ అంది. తిప్పి చూశాను. ఇక్కడ, ఈ గింజల్లో చూడండి, ఆకుపచ్చ. చిలుము! రాగి చెంబు తోమకుండా వదిలేస్తే పట్టే చిలుమే. ఆ రోజు నేను చూడకుండా వదిలేసిన బూడిదరంగు చుక్కలు చాల్కోసైట్, రాగి ఖనిజం. నల్లరాతిలో నల్లగా కలిసిపోయింది. పాతికేళ్లు ఉప్పు, చింతపండు తడి తగిలి తన రంగు తాను చెప్పుకుంది. ఎం.ఎస్సీ. చదివిన నేను మూడు మీటర్లు ‘విశేషం లేదు’ అని రాస్తే, మామ్మ పచ్చడి తేల్చింది.

నవ్వండి, ఫర్వాలేదు. నేనూ నవ్వాను, ఆ తర్వాత రాత్రంతా నిద్రపట్టలేదు. ఆవిడకి కొత్త రాతి కల్వం కొనిచ్చి దీన్ని తెచ్చుకున్నాను. రాగి నూరుకుని తినడం మంచిది కాదు కదా, ఆ భయం కూడా ఉంది. ముక్క మాత్రం ఇదొక్కటే. దీని పైనుంచి కింది వరకు రాగి ఎంత మేర ఉందో, వెండి ఉందో లేదో, ఒక్క బుడగల పొరలోనే ఉందో కింద ఇంకో పొరలోనూ ఉందో చూడాలంటే మిగతా కోర్ కావాలి. అది తారు కింద ఉంది. ఒక్క ముక్కతో అక్కడ నిక్షేపం ఉందని నేను అనను. అంటే నేనూ అలెగ్జాండర్ హెన్రీనే. లేదని రాసింది మాత్రం తప్పు. ఆ తప్పు దిద్దుకునే దారి పొయ్యిలో పోయింది.

కివీనాలో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగింది రాగి చూసి కాదు. క్విన్సీ గని చూశాను, ఏటవాలుగా 9,260 అడుగులు దిగిన షాఫ్టు, ఇప్పుడు ఏడో అంతస్తు కింద అంతా నీళ్లే. బాగుంది. కానీ అక్కడ రాగిరాతిని మర పట్టించి టార్చ్ సరస్సులో పారబోసిన ఇసుకనే, కంపెనీ వాళ్లు తర్వాత తోడి మళ్లీ రాగి తీశారు. తాతలు పనికిరాదని పారేసింది మనవలకి గని అయింది. అలా తోడనిచోట, గే అనే ఊరి దగ్గర, ఆ ఇసుక ఇప్పటికీ ఒడ్డు వెంట జరుగుతూ చేపలు గుడ్లు పెట్టే దిబ్బ మీదికి పోతోంది, అదొక గోడు. 1845 నుంచి 1968 దాకా ఆ లావాలోంచి తీసిన రాగి 50 లక్షల టన్నులు. అందులో మొదటి చూపుకే తెలిసింది ఎంత? మొదట్లో అందరూ పెద్ద ముద్దల కోసం పగుళ్ల వెంట పడ్డారు. బుడగల్లో సన్నగా చల్లినట్టున్న రాగిని, గులకరాతి పొరలోని రాగిని పట్టించుకున్నది తర్వాత. అసలు సంపద అందులోనే ఉంది.

పైగా లోహపు రాగి కోర్‌కి సరిగ్గా చిక్కదు. ముద్ద పక్కనుంచి బోరు దిగితే సున్నా, ముద్దలోంచి దిగితే లాటరీ. అలాంటి చోట ఒక్కసారి పరీక్షించి పారేస్తే ఎలా? మళ్లీ చూడాలి. కొత్త కళ్లతో, కొత్త యంత్రంతో, ఆకలి వెయ్యని మనిషితో.

అధ్యక్షా, లేవకండి, అయిపోయింది. ఇందాక టీకి ముందు ఈ భవనం వెనక్కి వెళ్లాను. మా బ్యాచ్ నాటి కోర్ పెట్టెలు అక్కడి షెడ్డులోనే ఉన్నాయి. రేకు ఎగిరిపోయింది. కింది వరసకి చెద పట్టింది. మూడు పెట్టెల మీద నంబర్లు చెరిగిపోయాయి, కానీ పక్క పెట్టెల్ని బట్టి ఇంకా పోల్చవచ్చు. వాన పడితే అదీ పోతుంది. పూర్వ విద్యార్థులు శాలువాలకి పెట్టిన ఖర్చుతో రేకులు వచ్చేవి. నా శాలువా ఇదిగో, తీసుకోండి, పెట్టెల మీద కప్పడానికి పనికొస్తుంది.

తాళం వాచ్‌మన్ దగ్గరుంది, అడిగాను. నా బండి రేపు సాయంత్రం. పొద్దున్న ఏడింటికి నేను షెడ్డు దగ్గర ఉంటాను. పిల్లలూ, వచ్చేవాళ్లు ఒక ఎర్ర పెయింటు డబ్బా, సన్న బ్రష్షు, లెన్సు తెచ్చుకోండి. టిఫిను తినేసి రండి.